టీకా కుక్కకి, కాటు నాకు

"భైరవగారున్నారాండీ?"

పొద్దున్నే కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్ళిందో లేదో, ఫోను మోగింది. అవతల ఎవరో ఆడపిల్ల. గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. ఉన్నాడమ్మా అన్నాను. ఉన్నాడు మరి, గుమ్మంలో గోనెపట్టా మీద పడుకుని చెవులతో ఈగలు తోలుకుంటున్నాడు.

"ఒక్క నిమిషం వారికిస్తారాండీ, మాట్లాడాలి."

"వారు మాట్లాడరమ్మా."

"ఎప్పుడు వీలవుతుందండీ?"

"పోస్టుమాన్ వచ్చే వేళకి చెయ్యి, గొంతు బాగా వినిపిస్తుంది" అన్నాను.

ఆ పిల్లకి అర్థం కాలేదు. అది ఇళ్ళ మీద అప్పులిచ్చే కంపెనీట. భైరవగారికి ఇరవై లక్షల దాకా లోను ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారట. నేను ఉద్యోగం నుంచి దిగి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో నాకు ఇరవై వేలిస్తామన్నవాడు లేడు. మా కుక్కకి ఇరవై లక్షలు! మా ఆవిడ పడీపడీ నవ్వి, "పుచ్చుకోమనండి, వంటింటి మీద రేకులు తీయించి స్లాబు వేయిద్దాం" అంది.

నేనూ నవ్వాను. నవ్వవలసిన సంగతి కాదని తరవాత తెలిసింది. ఆ సంగతే ఇవాళ చెప్పబోతున్నాను. కాస్త ఘాటుగానే చెబుతాను. కుక్కల్ని పెంచేవాళ్ళూ, పెంచనివాళ్ళూ కూడా ఓపిక పట్టాలి.

భైరవుడిది ఏ జాతి అని అడక్కండి. రాజమండ్రి జాతి. నాలుగేళ్ళ క్రితం గోదావరికి వరదొచ్చిన రోజుల్లో, తడిసి ముద్దై మా అరుగు కిందికి వచ్చింది. పెరుగన్నం పెట్టాం, ఉండిపోయింది. కుక్కని పెంచుకోవాలని నేను అనుకోలేదు. దానికే ఓ ముసలి దంపతుల్ని పెంచుకోవాలని బుద్ధి పుట్టింది కాబోలు. ఉండిపోయాక టీకా వేయించకపోతే తప్పు కదా. అంచేత నిరుడు జూలై 6న మా కాలనీలో ఉచిత టీకా శిబిరం పెడితే, భైరవుడి మెడకి మా ఆవిడ పాత చీర కొంగు కట్టి తీసుకెళ్ళాను.

జూలై 6 ఎందుకంటే, 1885లో ఆ రోజున పారిస్‌లో లూయీ పాశ్చర్ మహాశయుడు, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ కుర్రాడికి మొట్టమొదటిసారి రేబీస్ టీకా వేయించాడు. కుర్రాడు బతికాడు. ఆ రోజునే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినంగా జరుపుకుంటున్నాం. నూట నలభై ఏళ్ళ నాటి ఆ కుర్రాడి పేరు, రాజమండ్రిలో అరుగు మీద కూర్చున్న నాకు కూడా తెలుసు. చూశారా, టీకా వేయించుకున్నవాడి పేరు ఊరంతా పాకడం అప్పుడే మొదలైంది!

శిబిరంలో బల్ల మీద ఓ పొడుగాటి నోటుబుక్కు. స్కేలు పెట్టి గడులు గీశారు. వరస సంఖ్య, యజమాని పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు, కుక్క పేరు, జాతి, రంగు, వయసు, సంతకం. ఎవరి వరస వాళ్ళే రాసుకోవాలి. నా ముందు ముప్ఫయ్యొక్క మంది రాశారు. కలం చేతికొచ్చాక నేనేం చేశానో దాచను. ముప్ఫయ్యొక్క వరసలూ చదివాను. ఎవరింట్లో ఏ కుక్క ఉందో, ఎవరి ఫోను నంబరు ఏమిటో, మూడో వీధిలో ఎవరితోనూ మాట్లాడని ఆ సన్నపాటాయన ఇంటిపేరేమిటో, రెండు నిమిషాల్లో తెలుసుకున్నాను. తప్పనిపించలేదు సరికదా, పొద్దుపోయింది. నా వెనక నిలబడ్డవాళ్ళు నా వరసని అలాగే చదివి ఉంటారని మాత్రం అప్పుడు తట్టలేదు.

అయినా ఆ గడుల సంగతి చూడండి. టీకా వేయవలసింది కుక్కకి. తొమ్మిది గడుల్లో కుక్కవి నాలుగు. మిగతావి నావి. నేను మొరిగే రకమా, కరిచే రకమా అని ఓ గడి లేకపోవడం సంఘంవారి సంస్కారం.

శిబిరం దిగ్విజయంగా ముగిసింది. నలభై మూడు కుక్కలు. మా కాలనీ సెక్రటరీగారు నోటుబుక్కు నాలుగు పేజీలూ ఫొటోలు తీసి, "మన కాలనీ ఆదర్శం" అని రాసి, నూట అరవై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో మావాళ్ళే కాదు, పాలవాడు, కేబుల్ కుర్రాడు, ఇళ్ళ బ్రోకరు, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయిన అద్దెవాళ్ళు, అందరూ ఉన్నారు. ఫొటోల్లో ఓ మూల సెక్రటరీగారి బొటనవేలు కూడా పడింది. నేను చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టి, అదే ఫొటోల్ని మా బంధువుల గ్రూపుకీ, మా రిటైరైన ఉద్యోగుల గ్రూపుకీ పంపాను. ఎందుకంటారా? ఊరికే. మా కాలనీ గొప్ప మీరూ చూడండి అని.

తరవాత వారం నుంచి ఫోన్లు. కుక్కల బిస్కట్లు అమ్మేవాడు. కుక్కలకి స్నానం చేయించేవాడు. మీరు ఊరెళితే మీ కుక్కని మా హాస్టల్లో ఉంచండనేవాడు. ఆ హాస్టలువాడు మహా మర్యాదస్థుడు. "సంక్రాంతికి ఊరెళ్తున్నారా సార్? ఎన్ని రోజులు? ఇంట్లో ఎవరుంటారు?" అని వరసగా అడిగాడు. నేను సగం చెప్పేశాను కూడా! మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుని పెట్టేసి, "దొంగ కూడా ఇంత వివరంగా అడగడండీ" అంది. ఆవిడ మాటతో నాకు మొదటిసారి జ్ఞానోదయమయింది. కుక్కలున్న ఇళ్ళ జాబితా ఊళ్ళో తిరుగుతోందంటే, కుక్కల్లేని ఇళ్ళ జాబితా కూడా దాంతో పాటే తిరుగుతోందన్నమాట. తీసివేత లెక్క రానివాడెవడు?

ఇంత దాకా అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఫోను పెట్టేస్తే పోతుంది. విసుగే గాని నష్టం లేదు.

మా వీధి చివర మేడ మీది వాటాలో ఒకావిడ అద్దెకుండేది. బళ్ళో పాఠాలు చెప్పేది. పేరు చెప్పను, ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పను, ఆవిడ కుక్క పేరు కూడా చెప్పను. నన్ను బాబాయిగారూ అనేది. ఆవిడా, ఆ కుక్కా తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు. ఎందుకలా ఒంటరిగా అని కాలనీలో కొందరు ఆడవాళ్ళు ఆరా తీయబోయారు. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. మేమూ ఊరుకున్నాం. ఆవిడ కూడా ఆ రోజు కుక్కని తెచ్చి, వానలో గొడుగు పట్టుకుని నిలబడి, నోటుబుక్కులో తన వరస రాసింది. ఇరవై ఏడో వరస. టీకా మరి, నిజం నంబరే రాయాలి, మళ్ళీ ఏడాది గుర్తు చేస్తారట.

మూడు వారాలకి ఓ ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర ఓ మనిషి వాచ్‌మన్‌కి ఫోనులో ఫొటో చూపించి, ఈ నంబరు ఇల్లెక్కడ అని అడిగాడు. ఆవిడ భర్త. ఆయన కొట్టే దెబ్బలకి తాళలేక ఇల్లు వదిలి వచ్చిందావిడ, కోర్టులో కేసు నడుస్తోంది, ఈ సంగతులన్నీ ఆ సాయంత్రం పోలీసులొచ్చి ఆయన్ని పంపేశాక మాకు తెలిశాయి. ఆయన గంటన్నరసేపు మెట్ల మీద కూర్చుని తలుపు బాదాడు. లోపల కుక్క గొంతు పోయేట్టు అరిచింది. మేం, అంటే మగవాళ్ళం, కింద నిలబడి "సంసారం అన్నాక..." అని గొణుక్కున్నాం. పోలీసులకి ఫోను చేసింది మా ఆవిడ.

పదిహేను రోజుల్లో ఆవిడ ఇల్లు ఖాళీ చేసింది. వెళ్ళే ముందు మా ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగింది. ఎలా కనిపెట్టాడమ్మా అని అడిగాను. "ఊరు మార్చాను, ఉద్యోగం మార్చాను, బాంకు మార్చాను, ఫోను మార్చాను బాబాయిగారూ. దీని పేరొక్కటీ మార్చలేకపోయాను. వేరే పేరు పెట్టి పిలిస్తే పలకదు కదా" అంది. ఎవరో ఎవరికో పంపితే, ఆ ఎవరో మరెవరికో పంపితే, తిరిగి తిరిగి ఆయన దగ్గరికి చేరింది. నాలుగు పేజీల్లో నలభై మూడు కుక్కల పేర్లు. అందులో ఓ పేరు ఆయన గుర్తుపట్టాడు. పక్కనే ఇంటి నంబరు.

ఆయన వాచ్‌మన్‌కి చూపించిన ఫొటోలో మూల బొటనవేలు ఉందట. అందరి ఫోన్లలోనూ అదే వేలు. అది నేను పంపిన ప్రతిలోంచి వెళ్ళిందో, ఇంకొకరు పంపినదాంట్లోంచి వెళ్ళిందో చెప్పే సాధనం లేదు.

సెక్రటరీగారిని అడిగాను. మంచాయనే. శిబిరానికి జేబులోంచి ఖర్చు పెట్టారు. కాని ఆయన జవాబు మాత్రం నా తలకెక్కలేదు. "కుక్కని పెంచుకోవడంలో రహస్యమేముందండీ? అది పొద్దస్తమానం అరిచి చెబుతూనే ఉంటుంది. దాచుకోవలసిన పని చేసేవాడికే దాపరికం" అన్నారు. నిజమేనండి, అయితే మీ పెన్షను పాసుపుస్తకం తెచ్చి గేటుకి అంటించండి, అందులో తప్పుడు డబ్బేం లేదుగా అన్నాను. "అది వేరు" అన్నారు. ఎలా వేరో చెప్పలేదు. తలుపు మూసి స్నానం చేసేవాడు లోపల దొంగసారా కాస్తున్నాడని అర్థమా?

ఇంకో పెద్దమనిషి ధోరణి వేరు. మా తాతల నాడు పల్లెటూళ్ళో ఎవరింట్లో ఏ కుక్క ఉందో అందరికీ తెలుసు, అప్పుడు లేని బెంగ ఇప్పుడెందుకు అంటాడు. ఈ మాటలో కొంత పస ఉంది, కాదనను. మా ఊళ్ళో మా నాన్నగారి గురించి ప్రతివాడికీ తెలుసు. కాని ఆ ప్రతివాడి గురించీ మా నాన్నగారికి తెలుసు! ఎవడు అడిగాడో, ఎందుకు అడిగాడో సాయంత్రానికి అరుగు మీదికి వచ్చేది. అది ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం. ఇప్పుడు నా సంగతి తెలిసినవాడి సంగతి నాకేం తెలుసు? భైరవుడికి ఇరవై లక్షలిస్తానన్న ఆ పిల్ల పేరేమిటో నాకు తెలుసా?

ఇక్కడ ఎదటివాళ్ళ వాదనలో గట్టిది ఒకటుంది. దాన్ని తప్పించుకుపోతే నేను పిరికివాణ్ణవుతాను. కుక్క కరిస్తే ఆ కుక్క ఎవరిదో, దానికి టీకా పడిందో లేదో తెలియద్దా అని. తెలియాలి. ఖచ్చితంగా తెలియాలి. రేబీస్ లక్షణాలు పైకి కనిపించాక ఇక మందు లేదు, దాదాపు ఎవరూ బతకరు. మా చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పొడిచేవారు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే దొర గొర్రె మెదడుతో తయారుచేసిన మందు అది. మా మేనత్త కొడుకు ఆ పద్నాలుగూ పొడిపించుకుని, తరవాత కుక్కబొమ్మ ఉన్న కాలెండరు చూసినా పొట్ట పట్టుకునేవాడు. 2004 చివరికి మన దేశంలో ఆ మందు తయారీ ఆపేశారు. ఇప్పుడు చేతికి నాలుగైదు విడతలుగా వేసే మంచి టీకా ఉంది. కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టి చూడాలి. పది రోజులూ అది బతికి బాగుంటే, కరిచిన నాటికి దాని చొంగలో ఆ విషం లేదని లెక్క. అలా కనిపెట్టాలంటే కుక్క ఎక్కడుందో తెలియాలి. అంచేత రికార్డు ఉండాల్సిందే. నోటుబుక్కు తగలెయ్యమని నేననడం లేదు.

ఆ నోటుబుక్కు ఎవరి కోసం పుట్టింది? కరిపించుకున్నవాడి కోసం, వాడికి వైద్యం చేసే డాక్టరు కోసం, పశువుల డాక్టరు కోసం. ఆ ముగ్గురూ వచ్చి అడిగితే నా పేరు చెప్పండి, ఇల్లు చూపించండి, అర్ధరాత్రయినా తలుపు తీస్తాను. బిస్కట్లవాడు కరిపించుకున్నాడా? ఇరవై లక్షల కంపెనీని భైరవుడు కరిచాడా? ఆ భర్తగారిని కుక్క కరిచిన మాట నిజమే కావచ్చు, నాకు కుక్క మీద గౌరవం పెరిగింది గాని, దాని టీకా లెక్క చూడ్డానికి ఆయన రాలేదుగా.

పోనీ ఆవు పాటి మర్యాదయినా మాకు చేయరా? మా పల్లెలో తమ్ముడి ఆవు చెవికి పసుప్పచ్చ బిళ్ళ ఉంటుంది. దాని మీద పన్నెండంకెల నంబరు. జనం పశువుల ఆధార్ అంటారు. గాలికుంటు టీకా వేసినప్పుడల్లా ఆ నంబరు మీద ఎక్కిస్తారు. సంతలో ఎవడైనా ఆవు చెవి చదువుకోవచ్చు, నంబరు తప్ప ఇంకేమీ దొరకదు. మా తమ్ముడి పేరూ, ఫోనూ ఆవు చెవి మీద రాయలేదు. అవి లోపల, చూడవలసినవాడు చూసేచోట ఉంటాయి. చిన్న ఏర్పాటే, పెద్ద బుద్ధి. నంబరు బయట, పేరు లోపల. ఆవుకి చేసింది కుక్కకి చేయడానికేం అడ్డొచ్చింది?

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. వాడికీ ఓ కుక్క ఉంది, మనిషంత ఎత్తు. ఈ గొడవ చెబితే, "మావయ్యా, ఇక్కడ టెక్సాస్‌లో దానికి చట్టమే ఉంది" అన్నాడు. అక్కడ కుక్కకి పదహారు వారాలు నిండేలోగా రేబీస్ టీకా వేయించి తీరాలి, ఆ విషయంలో మనకంటే కఠినం. కాని ఆ టీకా ధ్రువపత్రంలో ఉన్న యజమాని పేరు, చిరునామా, ఫోను రహస్యమని అదే ఆరోగ్య చట్టంలో రాసుకున్నారు. ప్రజారోగ్యం చూసే ప్రభుత్వ శాఖలకి చెప్పవచ్చు, దారిన పోయేవాడికి చెబితే నేరం. కుక్క మెడలో గజ్జెలా రేకు బిళ్ళ కడతారట, దాని మీద నంబరు. అమెరికావాడు చేశాడు గనక మనమూ చేయాలని అనను, వాడు చేసేవన్నీ మనం చేస్తే ఇప్పటికే గడ్డాలు కాలి ఉండేవి. టీకాని తప్పనిసరి చేసినవాడే గుట్టునీ తప్పనిసరి చేశాడు, రెండూ ఒకే ఒరలో ఇమిడాయని చెప్పడానికే ఈ ఉదాహరణ.

మనకి చట్టం లేదా అంటే, ఉంది. పైగా దాని వేరు మా రాజమండ్రిలోనే ఉందని గొప్ప చెప్పుకోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే ఆయన్ని 1941లో ఓ దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలారన్నమాటేగాని, పోలీసులు ఆయన మీద ఓ ఖాతా తెరిచి, అర్ధరాత్రిళ్ళు తలుపు కొట్టి ఉన్నాడా లేడా అని చూసేవారు. ఆయన సుప్రీంకోర్టుకెక్కాడు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిళ్ళు తలుపు కొట్టడం కూడదన్నారు గాని, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదు పొమ్మన్నారు ఎక్కువమంది జడ్జీలు. కాదు, పేరు పెట్టి రాయకపోయినా మనిషి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని విడిగా రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావుగారు. మా ఊళ్ళో పుట్టిన మనిషి, తరవాత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన మాట నిలబడ్డానికి యాభై నాలుగేళ్ళు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకకంఠంతో గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు కూడా రిటైరైన జడ్జీయే, ఎనభై దాటాక కోర్టు మెట్లెక్కారు. అరవై నాలుగేళ్ళకే అరుగు దిగడానికి బద్ధకించే నాబోటిగాళ్ళు ఆ ముసలాయనకి దణ్ణం పెట్టాలి.

2023లో వ్యక్తుల డిజిటల్ సమాచారాన్ని కాపాడ్డానికి పార్లమెంటు చట్టం చేసింది. 2025 నవంబరులో నిబంధనలు ప్రకటించి, ముఖ్యమైన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. బాగుంది. అందులో చిత్రం వినండి. కలంతో రాసిన నోటుబుక్కు కాగితంగా ఉన్నంతసేపూ ఆ చట్టానికి అందదు. డిజిటల్ రూపంలోకి ఎక్కాకే అందుతుంది. అంటే బల్ల మీద నోటుబుక్కు విప్పి పడేసి వచ్చేపోయేవాళ్ళందరి చేతా చదివించినా ఆ చట్టానికి పట్టదు. సెక్రటరీగారు ఫోను తీసి ఫొటో నొక్కితేనే ఆ చట్టం కళ్ళు తెరవాలి. తెరిచినా మా కాలనీ గేటు దాకా నడిచి వస్తుందా? ఢిల్లీ నుంచి చాలా దూరం. అంచేత చట్టం మీద భారం వేసి కూర్చుంటే కుదరదంటాను. ఒక చిన్న చీటీ చాలు. ఒక్కొక్కరికీ విడి చీటీ ఇవ్వండి. రాసినవాడు మడిచి డాక్టరు చేతిలో పెడతాడు. కార్డు మీద నంబరు వేసి ఇస్తారు. కుక్క కరిస్తే ఆ నంబరు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళతారు. దీనికి కంప్యూటరక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. పాత పెళ్ళి శుభలేఖల వెనకవైపు తెలుపు చాలు.

ఇంత చెబితే ఓ మిత్రుడు, "మీ వాదనతో జనం టీకాలు మానేస్తారు" అని భయపెట్టాడు. తిరగేసి చెప్పాడాయన. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కుక్కల్లో నూటికి డెబ్భైకి టీకా పడితేనే ఈ జబ్బు గొలుసు తెగుతుంది. ఆ డెబ్భై ఎలా వస్తాయి? జనం భయం లేకుండా కుక్కని తెస్తే వస్తాయి. ఇల్లుగలాయన కుక్క వద్దన్నాడని దాచి పెంచుకునే అద్దెవాడు తేవాలి, పక్కింటివాడితో తగూ ఉన్నవాడు తేవాలి, ఒంటరి ఆడది తేవాలి. బల్ల మీద ఆ నోటుబుక్కు చూసి వెనక్కి తిరిగిపోయేది వాళ్ళే. మేడమీది టీచరుగారు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో నాకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. ఈ ఏడు జూలైలో ఆవిడ తన కుక్కని శిబిరానికి తీసుకెళుతుందా? మీరైతే వెళతారా? రేపు ఆ కుక్క ఏ పిల్లాణ్ణో గీరితే, ఆ పిల్లాడి తల్లికి ఎవరు జవాబు చెబుతారు, ఆవిడా, ఫొటో పంపిన మేమా?

ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా కుక్క నడిచింది. ఇంద్రుడు దాన్ని వదిలేసి రమ్మన్నాడే గాని, యజమాని పేరు, ఇంటి నంబరు, సెల్ నంబరు రాయమని నోటుబుక్కు చాపలేదు.

ఈసారి శిబిరానికి బల్ల దగ్గర నేను కూర్చుంటానని సెక్రటరీగారితో గట్టిగా చెప్పాను. చీటీలు మా ఆవిడ కత్తిరిస్తోంది. ఆయన ముఖం ముడుచుకున్నారు గాని కాదనలేదు. మరి నిరుటి నోటుబుక్కేదండీ అన్నాను. ఎక్కడో ఉంటుందన్నారు. ఎక్కడో అంటే ఎక్కడ అని వెతగ్గా వెతగ్గా, వాచ్‌మన్ గదిలో దొరికింది. అతని మనవరాలు మిగిలిన తెల్లకాగితాల్లో ఎక్కాలు రాసుకుంటోంది. పదమూడో ఎక్కం దాకా వచ్చింది. అమ్మా, ఆ పుస్తకం నాకిచ్చేస్తావా అంటే, కొత్తది కొనిస్తేనే ఇస్తానంది. బజారుకెళ్ళి రెండు వందల పేజీలది కొనిచ్చి పుచ్చుకున్నాను. ఇప్పుడది మా బీరువాలో ధోవతుల కింద ఉంది. చింపడానికి చెయ్యి రాలేదు, డాక్టరుగారు అడిగితే ఇవ్వాలి కదా. మొన్నొకసారి తీసి చూశాను. ఇరవై ఏడో వరసలో వాన చుక్క పడి సిరా కొంచెం అలుక్కుంది. ఫోను నంబరులో చివరి రెండంకెలు కనిపించడం లేదు. కుక్క పేరు మాత్రం స్పష్టంగా ఉంది.